టర్బోబండి ఇంజనుగదిలోని వేడిమి



పొయ్యి వేడిమిని గూర్చి స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏ గిన్నె యెంతసేపు మంటమీద నుండవలెనో, ఏ మూత యెప్పుడు తీయవలెనో మనకు చేతులే చెప్పును. కాని వాకిట నిలిచియున్న మోటారుబండి ముందుభాగమున, ఆ యినుపమూత క్రింద, మన పొయ్యికంటె తీక్ష్ణమైన పొయ్యి యొకటి యున్నదని మనలో ననేకులు తలంపరు. అది మగవారి విషయమనియు, మెకానిక్కుల విషయమనియు విడిచిపెట్టుదుము. ఇప్పుడు పిల్లలను బడికిని, పెద్దలను ఆసుపత్రికిని స్వయముగ బండి నడుపుకొని తీసికొనిపోవు స్త్రీలు మా యూరిలోనే పలువురున్నారు. నడుపు భారము మనదైనపుడు ఆ పొయ్యి సంగతియు మనకు తెలిసియుండుట మేలుగదా! ఆ తలంపుతోనే, నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాయుచున్నాను.

మేము గోదావరిఖని వాసులము. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు జాడ కనిపెట్టిన పిమ్మట, దానినుండి పెరిగినదే సింగరేణి సంస్థ. నేడు అందు 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమునకును, 49 పాళ్లు కేంద్రప్రభుత్వమునకును కలవు. 2016వ సంవత్సరమువఱకు కరీంనగరము జిల్లాలోనుండి, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో చేరిన మా ప్రాంతమున ఒకవంక భూగర్భ గనులు, ఒకవంక ఆకాశము క్రింద తెఱచిన ఓపెన్‌కాస్టు గనులు, మఱొకవంక 2600 మెగావాట్ల రామగుండము విద్యుత్కేంద్రము నున్నవి. వైశాఖ జ్యేష్ఠములలో ఇచ్చటి యెండ 45 డిగ్రీలను దాటిన దినములు మాకు క్రొత్త కాదు. దానికితోడు గాలిలో నెల్లప్పుడు సన్నని బొగ్గుపొడి. ఉదయము తుడిచిన కిటికీగడప సాయంకాలమునకు నల్లబడును. బట్టలు ఆరవేయుటకు గాలి యెటునుండి వీచుచున్నదో చూచుకొనవలసిన యూరు మాది.

మావారు ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుదురు. వారి షిఫ్టులు వారమున కొక తీరుగ మారుచుండును. మా అత్తగారికి గుండెజబ్బు. నెలకొకమారు కరీంనగరములోని వైద్యునకు చూపవలెను. ఎండలో బస్సుకై నిలుచుట ఆమెకు కూడదని వైద్యులు చెప్పిరి. దసరాకు ముందు వచ్చెడి లాభాల వాటాయు, బ్యాంకువారి అప్పును కలిపి ఒక చిన్న పెట్రోలుబండి కొంటిమి. అందు టర్బో కలదు. మావారు డ్యూటీలో నున్నపుడు అత్తగారిని తీసికొనిపోవు పని నాదయ్యెను. కావున ఆ బండి నడిమార్గమున ఆగుట యనిన మాకు కేవలము ధననష్టము కాదు. జబ్బుమనిషిని మే నెల మధ్యాహ్నమున రోడ్డుప్రక్కన నిలుపుట.

ఈ టర్బో యనగా నేమి? ఇంజనులో పెట్రోలు మండిన పిమ్మట వెలువడు వేడిపొగ సామాన్యముగ గొట్టము వెంట బయటికి పోయి వ్యర్థమగును. ఆ పొగ వేగముతో ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే యిరుసు రెండవకొన నున్న మఱొక చక్రముచే గాలిని నొక్కి ఇంజనులోనికి పంపుటయే టర్బో చేయు పని. ఎక్కువ గాలి దొరకినచో ఎక్కువ ఇంధనము చక్కగ మండి, చిన్న ఇంజనే పెద్దదానివలె లాగును. స్విట్జర్లండు దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ బూషి యను ఇంజనీరు ఈ యుపాయమునకు 1905లో పేటెంటు పొందెను. మా గనులలో నూఱేసి టన్నుల బరువు మోయు డంపరుల ఇంజనులకును ఇదే టర్బో యున్నది. జనులు కొనుక్కొను కార్లలోనికి ఇది 1962లో అమెరికాలో మొదట వచ్చెను. అందొకటియైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అను బండిలో, నొక్కిన గాలి వేడికి ఇంజను చెడకుండుటకై నీరును మిథనాలును కలిపిన ద్రవమును వేఱు తొట్టిలో పోయవలసి యుండెను. చాలమంది యజమానులు ఆ తొట్టి నింపుట మానిరి. ఆ బండి యెక్కువకాలము నిలువలేదు. అనగా టర్బో పుట్టినదాది దాని శక్తియెంతో దాని వేడియు నంత యన్నమాట.

ఆ వేడి యెంతయో వినుడు. పెట్రోలుబండి టర్బోను త్రిప్పు పొగ, బండి గట్టిగ లాగుచున్నపుడు 900 డిగ్రీల దరిదాపులకు పోవును. మన యింటి అల్యూమినియపు గిన్నె 660 డిగ్రీలకే కరగిపోవును. ఆ చక్రము నిమిషమునకు లక్షమారులకు పైగా తిరుగును. దాని యిరుసు ఇనుముపై ఇనుము రాచుకొనక, పలుచని నూనెపొరపై తేలుచుండును. ఇక రెండవ వేడి నొక్కిన గాలిది. సైకిలు పంపుతో గాలి కొట్టినపుడు పంపు అడుగు కాలుట మీరెఱుగుదురు. 45 డిగ్రీల మా యెండగాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కినచో అది 120 డిగ్రీలను దాటును. దానిని చల్లార్చి ఇంజనునకు పంపుటకే ముందుభాగమున ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పళ్లెము పెట్టిరి. మూడవది ఇంజను దేహపు వేడి. దానిని కూలెంటు అను రంగునీరు మోసికొనివచ్చి రేడియేటరులో విడుచును. దీనికితోడు ఏసీ చల్లదనమునకై మఱొక పళ్లెము. ఇన్ని పళ్లెములు ముందరి జాలీ వెనుక ఒకదానివెనుక నొకటి నిలిచి, ఎదురువచ్చు ఒక్క గాలిమీదనే ఆధారపడియున్నవి. ఆ గాలియే మా యూరిలో 45 డిగ్రీలతో, బొగ్గుపొడితో వచ్చును.

ఇందలి కిటుకు నాకు పుస్తకములవలన గాక మా మామగారివలన బోధపడినది. వారు ముప్పది యేండ్లు భూగర్భగనిలో పనిచేసి మైనింగ్ సర్దారుగా పదవీవిరమణ పొందిరి. బండి యెప్పుడును నడుపలేదు. కాని భూమిక్రింద గాలి నడక నెఱిగినవారు. గనికి గాలి లోనికి పోవు దారి యొకటి, వెలుపలికి వచ్చు దారి యొకటి వేఱువేఱుగ నుండును. వెలుపలికి వచ్చు దారిమీద పెద్ద ఫ్యాను కూర్చుండి చెడుగాలిని పీల్చివేయును. అంతమాత్రముచేత పని జరుగు తావునకు మంచి గాలి చేరదు. నడుమ తలుపులు పెట్టి, గోడలు కట్టి, పరదాగుడ్డలు వ్రేలాడదీసి గాలిని దారికి త్రిప్పవలెను. ఒక తలుపు తెఱచి మఱచినచో గాలి దగ్గఱిదారిన వచ్చి పోవును; లోపల కూలీలకు ఉక్కయే మిగులును.

"బాయిల గాలి సోమరిది బిడ్డా," అని వారందురు. "సులువు తొవ్వ దొరికితే పనికాడికి పోదు. గందుకే తలుపులు పెడ్తం, పరదాలు కడ్తం. గాలిని తోలుకపోవాలె."

ఈ మాట బండికి నెట్లు పట్టునో గత వేసవిలో తెలిసినది. అంతకు రెండు వారముల ముందు వీథిలో ఒక ఆటో తగిలి మా బండి ముందరి బంపరు పగిలెను. ఒక మరమ్మతు అంగడివారు క్రొత్త బంపరు బిగించి యిచ్చిరి. రంగు చక్కగ కుదిరినది. ఊరిలో తిరిగినంతకాలము ఏ లోపమును కనబడలేదు. మే నెలలో అత్తగారిని, తోడుగా మా ఆడబిడ్డను ఎక్కించుకొని రాజీవ్ రహదారిని కరీంనగరమునకు బయలుదేరితిని. పెద్దపల్లి దాటి సుల్తానాబాదు సమీపించుసరికి వేడిముల్లు తన నిత్యస్థానమును విడిచి పైకి జరుగుట చూచితిని. బండి వేగముగ పోవుచున్నపుడు గాలి యెక్కువ తగిలి ముల్లు దిగవలెను గాని యెక్కరాదు. ఏదో తలుపు తెఱచియున్నదని మామగారి మాట అప్పుడే మనస్సున మెదలెను.

ఏసీ ఆపితిని, కిటికీలు తెఱచితిని, వేగము తగ్గించితిని. ముల్లు నిలిచినది గాని దిగలేదు. ఇట్టి సమయమున హీటరును పూర్తిగ త్రిప్పుట ఒక ఉపాయము. ఇంజను వేడిలో కొంత ఆ చిన్న పళ్లెము గుండ బండిలోనికి వచ్చి, ఇంజనునకు ఊఱట కలుగును. కాని లోపల అత్తగారున్నారు. 45 డిగ్రీల వడగాలిలో హీటరు వేడిని ఆమెమీదికి విడుచుటకు నా చేయి రాలేదు. రోడ్డుప్రక్క చింతచెట్టు నీడన బండి నాపి, ముందుగా ఆమెను దింపి, ఆ పిమ్మట హీటరు త్రిప్పితిని. ముల్లు ఎఱ్ఱగీతకు చేరలేదు, ఆవిరియు రాలేదు. కనుక ఇంజనును వెంటనే ఆపక ఊరకే నడువనిచ్చితిని. ఫ్యాను పెద్దశబ్దముతో తిరిగి, మూడు నాలుగు నిమిషములలో ముల్లు మెల్లగ దిగెను. అప్పుడు ఆపితిని. ఎఱ్ఱగీత దాటినను, ఆవిరి కనబడినను ఒక్క క్షణమైన ఊరకే నడువనీయక ఇంజను నాపివేయవలెను. ఈ రెంటికిని గల భేదము ప్రతి గృహిణియు గుర్తుంచుకొనదగినది.

దారినపోవు యువకుడొకడు సాయపడగోరి బానెట్టు ఎత్తి రేడియేటరు మూత తిప్పబోయెను. చెట్టు మొదట కూర్చున్న అత్తగారు అచ్చటినుండియే కేకవేసిరి. "ముట్టకు బిడ్డా! కుక్కరు మూత సల్లారక ముందు తీస్తరా ఎవరన్న?" ఆమె చెప్పినది అక్షరాల నిజము. కూలెంటు ఒత్తిడిలో నుండుటచేతనే 125 డిగ్రీలు దాటువఱకు మరుగక యోర్చుకొనును. వేడిమీద మూత తీసినచో ఒత్తిడి ఒక్కమాఱు పోయి, ఆ నీరంతయు కళపెళ మరిగి ముఖముమీదికి చిమ్మును. ప్రెషరు కుక్కరు వేడికంటె అది తక్కువది కాదు. పైగొట్టము చేతికి చల్లగ తగులువఱకు ఆ మూతజోలికి పోరాదు.

ఒక గడియ గడచినది. అత్తగారి పెదవులు ఎండుచుండెను. కరీంనగరము పోవు ఆర్టీసీ బస్సు నాపి, నీడవైపు చోటు చూచి, ఆడబిడ్డను తోడిచ్చి ఆమెను పంపితిని. నేను చెట్టుక్రిందనే బండియొద్ద నిలిచితిని. చల్లారిన పిమ్మట కూలెంటు చూడగా గుర్తుకు సరిగనే యున్నది. ఏసీ లేకుండ, మెల్లగ నడుపుకొని చల్లపొద్దున ఇల్లు చేరితిని. అత్తగారు వైద్యునకు చూపుకొని రాత్రికి క్షేమముగ వచ్చిరి. ఆ మధ్యాహ్నమున బస్సు వచ్చువఱకు గడచిన నిమిషములు మాత్రము నాకింకను జ్ఞాపకమున్నవి.

మఱునాడు మామగారు వాకిట కూర్చుండి బండి ముందుభాగమును దీపము వేసి చూచిరి. జాలీకిని రేడియేటరునకును నడుమ రెండుప్రక్కల ఉండవలసిన ప్లాస్టికు పలకలు లేవు. బంపరు మార్చినపుడు అంగడివారు వానిని విప్పి, తిరిగి పెట్టలేదు. జాలీగుండ వచ్చిన గాలి పళ్లెములగుండ దూఱక, ప్రక్కల తెఱపిదారిన జారిపోవుచుండెను. "పరదా తీసేసిన్రు," అని మామగారు నవ్విరి. ఆ పలకల వెల కొన్ని వందల రూపాయలు మాత్రమే. అవి లేక పాడుకాగల టర్బో వెల పదులవేల రూపాయలు. పలకలు పెట్టించిన పిమ్మట అంతటి యెండలోనే కరీంనగరము పోయివచ్చితిమి, ముల్లు కదలలేదు.

ఇందువలన నేను గ్రహించినది, వేడిని అణచివేయు విద్య లేదు. దానికి దారి చూపు విద్యయే కలదు. అది పుట్టుట మానదు. లోనికి గాలి, వెలుపలికి వేడి, నడుమ అడ్డు లేని నడక, చల్లారుటకు కొంత వ్యవధి. ఈ నాలుగును చూచినచో చాలును. ఈ కొలతబద్దతో చూచినపుడు ఎవరు చెప్పు సలహా మంచిదో, ఎవరిది కాదో మనమే తేల్చుకొనగలము.

వేసవి రాగానే కొందఱు "థర్మోస్టాటు తీసివేయుడు, బండి చల్లగ నుండును" అందురు. కూలెంటు ఎప్పుడు రేడియేటరునకు పోవలెనో నిర్ణయించు ద్వారపాలకుడది. దానిని తీసిన ఇంజను తగిన వేడికి చేరుట ఆలస్యమగును, ఇంధనము వ్యర్థమగును, నూనెలో చెమ్మ చేరును. గనిలో తలుపు విప్పి పాఱవేసినట్లే గదా! మఱికొందఱు కూలెంటు వెల చూచి బోరునీరు పోయుదురు. మా ప్రాంతపు బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మనము చూచినదే. అదే పెచ్చు రేడియేటరు సన్నగొట్టములలో కట్టును. లోహమును తుప్పు తినును. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన కూలెంటునే, చెప్పిన పాలులో శుద్ధజలముతో కలిపి పోయవలెను. సగము సగము సామాన్యమైన పాలు. కూలెంటే ఎక్కువ పోసిన ఎక్కువ చల్లన యనుకొనుటయు పొరపాటే. వేడిని మోయుటలో నీరే మిన్న, మరుగకుండ తుప్పుపట్టకుండ కాచుటలో మందు మిన్న. రెండును కలిసియుండవలెను.

బానెట్టునకు తూట్లు పొడిపించినచో వేడి పోవునని మఱొక సలహా. బండి పరుగెత్తునపుడు ముందరి అద్దము మొదట గాలి కుప్పపడి ఒత్తిడి హెచ్చియుండును. అచ్చట తూటు పెట్టినచో వేడి వెలుపలికి వచ్చుటకు మాఱు గాలియే లోనికి పోయి, పళ్లెములగుండ రావలసిన గాలిని అడ్డగింపవచ్చును. వానకాలమున నీరును దిగును. ఇక టర్బోమీద, పొగగొట్టముమీద ముడతల రేకు కవచమొకటి యుండును. దాని మేకు వదులై గలగల మ్రోగినపుడు "ఇది యేల?" యని పీకివేయు మెకానిక్కులు కలరు. ఆ రేకే టర్బో కాకను ప్రక్కనున్న రబ్బరు గొట్టములకు, తీగలకు తగులకుండ కాపాడునది. మేకు బిగింపుమనుడు; రేకు తీయనీయకుడు. పొగగొట్టమునకు గుడ్డపట్టీ చుట్టించు ముచ్చటయు గృహస్థుల బండికి వలదు. పరుగుపందెముల బండ్లకు చుట్టుదురు గాని, వేడి లోపలనే నిలిచి గొట్టము బీటలు వాఱుటయు కలదు.

జాలీకి ముందు అడ్డుపెట్టు ప్రతి యలంకారమును గాలికి అడ్డే. అదనపు దీపములు, ఇనుపకమ్ములు, పెద్ద నంబరుపలక ఏవైనను అంతే. దసరానాడు ఆయుధపూజ చేసి కట్టిన బంతిపూలదండ ఊరిలో తిరుగునంతసేపు శోభయే. దూరప్రయాణమునకు ముందు దానిని విప్పి వాకిట కట్టుడు.

మా యూరివంటి బొగ్గుపొడి ఊళ్లలో ముఖ్యమైన పని పళ్లెములను శుభ్రముగ నుంచుట. పొడియు, పురుగులును, కొంచెము నూనెతేమయు కలిసి రెక్కలనడుమ పేస్టువలె పట్టును. వేసవికి ముందొకమాఱు, నడుమ నొకమాఱు, ఇంజను పూర్తిగ చల్లారియున్నపుడు మెల్లని నీటిధారతో కడిగించుడు. వేగపు ధార పనికిరాదు. అది ఆ సన్నరెక్కలను వంచివేయును, వంగిన రెక్కలగుండ గాలి పోదు. కాగియున్న టర్బోమీద చన్నీళ్లు పోయుట అసలే కూడదు. ఎఱ్ఱగ కాలిన పెనముమీద చన్నీరు పోసిన వంగునో పగులునో మనకు తెలియనిదా?

ఇంక చల్లారుటకు వ్యవధి. దూరము వేగముగ వచ్చి, బరువుతో ఎత్తు ఎక్కి, ఇల్లు చేరినవెంటనే తాళము త్రిప్పి ఇంజను నాపరాదు. ఇంజను ఆగిన నూనె ఆగును. టర్బో కాక మాత్రము ఆగదు. ఇరుసుచుట్టు నిలిచిన నూనె ఆ కాకకు మాడి, మూకుడు అడుగున కట్టిన నల్లని జిడ్డువలె గట్టిపడును. అట్లు నెలలతరబడి పేరుకొన్నచో నూనెదారి మూసికొని ఇరుసు చెడును. ఇప్పటి బండ్లలో అనేకములకు టర్బోచుట్టు నీటిదారియు కలదు గనుక పూర్వమంత భయము లేదు. అయినను కడపటి కిలోమీటరు మెల్లగ నడిపి, వాకిట ఒకటి రెండు నిమిషములు ఊరకే తిరుగనిచ్చుట మంచి అలవాటు. నేను ఆ వ్యవధిలో అత్తగారి మందులసంచి, నీళ్లసీసా సర్దుకొందును. నూనె విషయములో పొదుపు కూడదు. పుస్తకములో చెప్పిన రకమే పోయించి, దుమ్ముగల ఊళ్లకు వారు చెప్పిన తక్కువ గడువునే పాటింపవలెను.

బండి ఆపిన పిమ్మట ఇంజనుగది కొంతసేపు మఱింత వేడెక్కునని తెలిసి మొదట నేను వింతపడితిని. ఫ్యాను లేదు, ఎదురుగాలి లేదు. లోహములోని వేడి బయటికి ప్రాకుచుండును. పొయ్యిమీదనుండి దింపిన మట్టికుండలో పులుసు ఇంకను ఉడుకుచుండుటవంటిదే యిది. కొన్ని బండ్లలో అందుకే తాళము తీసిన తరువాత కూడ ఫ్యాను తనంతట తాను తిరుగును. అది చెడిపోయినదని భయపడనక్కఱలేదు. కాని బానెట్టు ఎత్తి పిల్లలను దగ్గఱకు రానీయకుడు. నిలిచియున్న ఫ్యాను చెప్పకుండ తిరుగ నారంభించును. చీరకొంగునకును, చిన్నవ్రేళ్లకును అది శత్రువు.

ఈ వేడికి మొదట బలియగునది బ్యాటరీ. వేడి పది డిగ్రీలు హెచ్చినకొలది దాని ఆయువు సుమారు సగమగునని వాడుకలోనున్న లెక్క. కావున బండిని నీడన నుంచుడు. అయితే ఎండుగడ్డిమీద, ఎండుటాకుల కుప్పమీద మాత్రము నిలుపకుడు. క్రిందనున్న పొగగొట్టపు కాక వానిని అంటించును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి వచ్చిన బీఎస్ 6 డీజిలుబండ్లలో మసిని పట్టు జల్లెడ యున్నది. అది నిండినపుడు బండియే ఆ మసిని కాల్చుకొనును. ఆ సమయమున పొగ 600 డిగ్రీలవఱకు కాగును. డీజిలుబండి గల సోదరీమణులకు గడ్డి విషయములో మఱింత జాగ్రత్త కావలెను. బానెట్టు క్రింద ఎలుకలు గుడ్డపీలికలు, గడ్డిపరకలు చేర్చి గూడు కట్టునేమో కూడ అప్పుడప్పుడు చూచుచుండుడు.

మఱొక హెచ్చరిక. కూలెంటు విషము, రుచికి తియ్యగనుండును. ఇంపైన రంగు చూచి పిల్లలు షరబత్తనుకొందురు. కుక్కలు, పిల్లులు నాకును. మిగిలిన దానిని నీళ్లసీసాలో పోసి వంటయింట దాచు అలవాటు ఉన్నచో నేడే మానవలెను. నేలపై కారినచో వెంటనే నీటితో కడిగివేయవలెను.

నిత్యము చూడవలసినవి మాత్రము కొద్దియే. ఉదయము ఇంజను చల్లగనున్నపుడు తొట్టిలో కూలెంటు రెండు గీతల నడుమ నున్నదా? నూనెపుల్ల సరిగ చూపుచున్నదా? బండి నిలిచిన తావున తడి మరకలున్నవా? ఏదేని తియ్యని వాసన, కాలిన వాసన వచ్చుచున్నదా? కొన్ని బండ్లకు వేడిముల్లు లేక ఎఱ్ఱదీపము మాత్రమే యుండును. అది యెచ్చట వెలుగునో ముందే తెలిసికొని యుండవలెను. మరమ్మతునుండి బండి వచ్చిన ప్రతిసారియు "విప్పినవన్నియు తిరిగి పెట్టితిరా? మిగిలిన ముక్కలేవి?" యని అడుగవలెను. ఆడవారు అడిగిరని కొందఱు నవ్వుదురు. నవ్వనిండు. వడ్లు దంపించి తెచ్చినపుడు తవుడు లెక్క అడుగుటకు మనము సిగ్గుపడుదుమా?

మా ఆడబిడ్డ ఇప్పుడు బండి నేర్చుకొనుచున్నది. మామగారు వెనుక కూర్చుండి, చక్రము త్రిప్పుట నేర్పుటకు ముందే గాలి యెటు వచ్చి యెటు పోవునో ఆమెచే చెప్పించుచున్నారు. బాయిలో దిగు ప్రతి క్రొత్త పనివానికి మొదట బయటికి వచ్చు దారి చూపుట తమ అలవాటట. మీ యింట బండి యున్నచో, ఈ యాదివారము ఇంజను చల్లగనున్న వేళ బానెట్టు ఎత్తి, ఆ దారిని ఒకమాఱు మీ కన్నులతో చూడుడు. మీ యాడుపిల్లలకును చూపుడు. పొయ్యి నెఱిగిన చేతులకు ఇది కష్టమైన విద్య కాదు.